పెదనాన్న కొడుకు ‘బ్రదర్’ కాడు: కుటుంబం గురించి ఇంగ్లీషులో మాట్లాడించడంపై ఒక కేస్ స్టడీ

తెలుగు మీడియంలో బీఎస్సీ దాకా చదివిన ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. పుట్టిల్లు ఒంగోలు దగ్గరి పల్లె. మేనమామ కొడుకునే చేసుకుంది. అతనికి న్యూజెర్సీలో ఉద్యోగం, వీసా రాగానే ఈమె అక్కడికి వెళ్ళాలి. ఇంగ్లీషు పేపరు చదివితే చాలావరకు అర్థమవుతుంది. టెన్సులు అడిగితే పట్టికలు గడగడా అప్పజెబుతుంది. ‘టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ’ అనేసరికి మాట తడబడుతుంది.

ఈ విద్యార్థిని నిజంగా ఒక్క వ్యక్తి కాదని ముందే చెప్పాలి. స్పోకెన్ ఇంగ్లీషుకు వచ్చే తెలుగువాళ్ళలో కలిసికట్టుగా కనిపించే తప్పులన్నిటినీ ఒకే మనిషిలో పెట్టి రాసిన కేసు ఇది. కార్డుల లెక్క, టైములు, పాఠం నడిపే వరస మాత్రం యథాతథంగా క్లాసులో వాడుకోవచ్చు.

2001లో వెలువడిన యూరప్ భాషా ప్రమాణాల చట్రం, అంటే సీఈఎఫ్ఆర్, ఇంట్లోవాళ్ళ గురించి చిన్నచిన్న వాక్యాల్లో చెప్పగలగడాన్ని ఏ2 స్థాయిలో పెట్టింది. కింది నుంచి రెండో మెట్టు. అందుకే పాఠ్యపుస్తకాలు ఫ్యామిలీ పాఠాన్ని మొదట్లోనే రెండు పేజీల్లో ముగించి ముందుకు పోతాయి. స్పానిష్ మాట్లాడేవాళ్ళకు అది సరిపోతుంది, ఎందుకంటే వాళ్ళ బంధుత్వాల లెక్కా ఇంగ్లీషు లెక్కా దాదాపు ఒకటే. మనది వేరే లెక్క. అమెరికా మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పట్టికల్లో తమిళంతో పాటు తెలుగు వరసలు కూడా ఉన్నాయి. నాన్న అన్నదమ్ముల పిల్లలూ అమ్మ అక్కచెల్లెళ్ళ పిల్లలూ తోబుట్టువుల వరస, మేనమామ మేనత్తల పిల్లలు బావామరదళ్ళ వరస అనే మన ఏర్పాటు ఇంగ్లీషులో లేదు. అక్కడ అందరూ కజిన్లే. మాటలు నేర్పితే సరిపోదు, లెక్క మార్చి నేర్పాలి.

మొదటి రికార్డింగు

ఫోన్లో రికార్డరు ఆన్ చేసి, ముందస్తు తయారీ లేకుండా నిమిషంన్నర మాట్లాడించాలి. మధ్యలో దిద్దకూడదు, మాట అందించకూడదు. ఇలాంటి విద్యార్థి నుంచి వచ్చేది ఇదీ:

‘అవర్ ఫాదర్ ఫార్మర్. దే ఆర్ డూయింగ్ అగ్రికల్చర్. అవర్ ఫ్యామిలీ మెంబర్స్ ఆర్ సిక్స్. టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్. వన్ బ్రదర్ ఈజ్ ఇన్ డాలస్. అవర్ సిస్టర్ ఈజ్ గివెన్ టు నెల్లూర్. హర్ హస్బెండ్, షీ ఈజ్ టీచర్. మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ లేట్. ఐ యామ్ మ్యారీడ్ విత్ మై అంకుల్ సన్ సిన్స్ టూ ఇయర్స్. మై కో-సిస్టర్ ఈజ్ ఇన్ హైదరాబాద్.’

విజయవాడలో ఎవరికైనా ఇది మొత్తం అర్థమవుతుంది. న్యూజెర్సీలో పక్కింటావిడకు ఏమర్థమవుతుందో చూడండి. ఈమెకు ఇద్దరు తోబుట్టిన అన్నదమ్ములు, ఒకరు డాలస్‌లో ఉన్నారు. నిజానికి తోడబుట్టింది ఒక తమ్ముడే, డాలస్ ఆయన పెదనాన్న కొడుకు. అక్కను ఏదో వస్తువులా నెల్లూరుకు ఇచ్చేశారు. ఆ అక్క భర్త ఆడమనిషి. తాతగారు ఎక్కడో ఆలస్యమయ్యారు, వస్తారు. ‘అవర్ ఫాదర్’ అంటే చర్చిలో చేసే ప్రార్థన గుర్తొస్తుంది, లేదంటే ఈమె చెల్లెలు ఎవరైనా పక్కన నిలబడి ఉందేమోనని చూస్తుంది. ‘కో-సిస్టర్’ దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. అది భారతదేశపు ఇంగ్లీషు మాట, బయట చెల్లదు.

తప్పులు ఎక్కడ పుడుతున్నాయి

ఇవి అజ్ఞానంతో చేసే తప్పులు కావు. ప్రతి తప్పు వెనకా సరైన తెలుగు వాక్యం ఒకటుంది. ఆ తెలుగు వాక్యాన్ని విద్యార్థికి చూపిస్తే సగం పని అక్కడే అవుతుంది. ‘రాంగ్’ అని ఎర్ర గీత కొట్టడం వల్ల రెండో రోజు కూడా అదే తప్పు వస్తుంది.

‘మా నాన్న’ అంటాం, ‘నా నాన్న’ అనం. ఇల్లు, ఊరు, అమ్మ, ఆవిడ అన్నీ ‘మా’ లోనే. అది నేరుగా ‘అవర్’ అయి కూర్చుంటుంది. మగవాళ్ళ క్లాసులో ‘మా ఆవిడ’ను ‘అవర్ వైఫ్’ అన్నవాళ్ళకు మిగతావాళ్ళ నవ్వే మందు, ఇక జన్మలో మరచిపోరు. నియమం చిన్నది: మాట్లాడుతున్నప్పుడు తోబుట్టువు పక్కన లేకపోతే ఎప్పుడూ ‘మై’.

‘మా నాన్న రైతు’లో క్రియ లేదు, ఆర్టికల్ లేదు. అందుకే ‘ఫాదర్ ఫార్మర్’. ‘నాన్న పేరు’, ‘మామయ్య కొడుకు’లో నాన్నకూ మామయ్యకూ ఏ ప్రత్యయమూ తగిలించనక్కర్లేదు, పక్కపక్కన పెడితే చాలు. అందుకే ‘ఫాదర్ నేమ్’, ‘అంకుల్ సన్’. ‘నాకు ఇద్దరున్నారు’ నుంచి ‘టు మీ ఆర్ దేర్’, ‘అతనితో పెళ్ళి’ నుంచి ‘మ్యారీడ్ విత్’ వచ్చాయి. ‘రెండేళ్ళ నుంచి’ ‘సిన్స్ టూ ఇయర్స్’ అయింది. వీటిని వరసగా ‘ఐ హావ్ టూ బ్రదర్స్’, ‘మ్యారీడ్ టు’, ‘ఐ హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టూ ఇయర్స్’గా మార్చి, ఒక్కో దాని మీద ఐదారు వాక్యాలు చెప్పిస్తే చాలు. ‘మెంబర్స్ ఆర్ సిక్స్’ బదులు ‘దేర్ ఆర్ సిక్స్ ఆఫ్ అజ్’. చనిపోయినవాళ్ళకు ‘డైడ్’ లేదా మెత్తగా ‘పాస్డ్ అవే’. ‘లేట్’ వాడాలంటే పేరుకో బంధుత్వానికో ముందు: ‘మై లేట్ గ్రాండ్‌ఫాదర్’. ఈజ్ తర్వాత పెడితే ఆలస్యం అని అర్థం. ‘ఎక్స్‌పైర్డ్’ మందుల డబ్బాకు వదిలెయ్యండి.

‘అక్కను నెల్లూరిచ్చాం’ లాంటి వాక్యాలకు మాటకు మాట పెట్టే ప్రయత్నమే చెయ్యకూడదు. సంగతి ఏమిటి? అక్కకు పెళ్ళయింది, ఇప్పుడు నెల్లూరులో ఉంటోంది. అంతే చెప్పాలి: ‘మై సిస్టర్ ఈజ్ మ్యారీడ్ అండ్ లివ్స్ ఇన్ నెల్లూర్.’ ఇల్లరికం కూడా అంతే: ‘హీ లివ్స్ విత్ హిజ్ వైఫ్స్ పేరెంట్స్.’

నాన్నకు ‘దే’ రావడం వేరే రకం. తాతయ్య వచ్చారు, నాన్నగారు చెప్పారు, వారు ఉన్నారు అనే బహువచనపు గౌరవం అది. ‘హీ’ అనగానే చాలామందికి లోపల ‘వాడు’ అని వినిపిస్తుంది. మామగారిని ‘హీ’ అనడానికి నాలుక నిజంగానే ఆగుతుంది. దీన్ని వ్యాకరణ తప్పుగా దిద్దితే పోదు. ఇంగ్లీషు గౌరవం సర్వనామంలో ఉండదనీ, ప్రధానమంత్రి అయినా ‘హీ’నే అనీ వివరించి, తర్వాత తాతగారి మీద, మామగారి మీద మాత్రమే పది వాక్యాలు ‘హీ’తో చెప్పించాలి. మొహమాటపడే మనుషుల మీదే అభ్యాసం చేయించాలి, తమ్ముడి మీద చేయిస్తే ఉపయోగం లేదు.

హీ, షీ తారుమారు కావడం మీద చాలామంది టీచర్లు అనవసరంగా కోప్పడతారు. తెలుగులో అక్క, బావ, వదిన అన్న మాటే ఆడో మగో చెప్పేస్తుంది. పైగా ఆమె వచ్చారు, ఆయన వచ్చారు అని మర్యాదగా అన్నప్పుడు క్రియ ఒకటే. సర్వనామం మీద బరువు పడదు కనుక దాన్ని జాగ్రత్తగా ఎంచుకునే అలవాటు ఉండదు. ఇంగ్లీషు ‘కజిన్’ ఆడో మగో చెప్పదు. ఆ తర్వాత వచ్చే హీ లేదా షీ ఒక్కటే వినేవాడికి ఆధారం. అది తప్పితే కథ మొత్తం తప్పుతుంది.

అసలు చిక్కు వరసల్లో ఉంది

పై తప్పుల్లో చాలావరకు చెవికి ఇబ్బంది కలిగిస్తాయి, అర్థాన్ని పెద్దగా చెడగొట్టవు. అర్థం ఎక్కువగా చెడేది వరసల దగ్గర. టీచర్ల సమయం మాత్రం ఎక్కువగా మొదటి రకం మీద పోతుంది, ఎందుకంటే అది దిద్దడం సులువు.

బాబాయినే తీసుకోండి. నాన్న తమ్ముడు బాబాయి. పిన్ని భర్త కూడా బాబాయే. మొదటి ఆయనతో రక్తసంబంధం ఉంది, రెండో ఆయనతో లేదు. తెలంగాణలో చిన్నాయన, చిన్నమ్మ అన్నా ఇదే సంగతి. బావ అంటే అక్క భర్త కావచ్చు, భర్త అన్నగారు కావచ్చు, మేనత్త కొడుకు కావచ్చు. ఇంగ్లీషులో మొదటి ఇద్దరూ ‘బ్రదర్-ఇన్-లా’, మూడో అతను ‘కజిన్’. వదిన అన్నా అంతే: అన్న భార్య, భర్త అక్క అయితే ‘సిస్టర్-ఇన్-లా’, తనకంటే పెద్దదైన మేనమామ కూతురు అయితే ‘కజిన్’. ఇక పిల్లల దగ్గర: అక్క కొడుకును ఆడవాళ్ళు ‘మా అబ్బాయి’ అనే చెప్పుకుంటారు, వరసకు కొడుకే. అది ‘మై సన్ ఈజ్ ఇన్ టెన్త్’ అయి బయటికొస్తే, పెళ్ళై రెండేళ్ళయిన అమ్మాయికి పదిహేనేళ్ళ కొడుకు ఎలా ఉన్నాడో వినేవాడికి అంతుబట్టదు. అక్క కొడుకైనా అన్న కొడుకైనా ఇంగ్లీషులో ‘నెఫ్యూ’.

అందువల్ల ఎడమవైపు తెలుగు వరస, కుడివైపు ఇంగ్లీషు మాట వేసి గోడకు తగిలించే చార్టు ఇక్కడ పనికిరాదు. ఎడమవైపు మాటే రెండు మూడు దారుల్లో పోతుంటే కుడివైపు ఏం రాస్తారు? చార్టు బట్టీపట్టినవాళ్ళు ‘బావ అంటే బ్రదర్-ఇన్-లా’ అని నేర్చుకుని, పెళ్ళి కాని మేనత్త కొడుకును కూడా బ్రదర్-ఇన్-లా అని పరిచయం చేస్తారు.

నేర్పవలసింది దారి. ఆ మనిషి నాకు ఎవరి ద్వారా బంధువు, పుట్టుక వల్లా పెళ్ళి వల్లా? ఈ రెండూ తెలిస్తే పదిహేను మాటలతో ఏ బంధువునైనా చెప్పేయొచ్చు: మదర్, ఫాదర్, సిస్టర్, బ్రదర్, సన్, డాటర్, హస్బెండ్, వైఫ్, గ్రాండ్‌మదర్, గ్రాండ్‌ఫాదర్, అంకుల్, ఆంట్, కజిన్, నెఫ్యూ, నీస్. వీటికి ‘ఇన్-లా’ అనే తోక, ‘స్’ అనే లంకె. ఈ మాటలు అందరికీ ముందే వచ్చు. వాటిని గొలుసుగా కట్టడమే రాదు.

పాఠం నడిచిన తీరు

మొదటి క్లాసులో ఇంగ్లీషు ఉండదు. ఏ3 కాగితం, పెన్సిల్, ఎర్ర రంగు పెన్సిల్. మధ్యలో తను, చుట్టూ పదహారు మంది బంధువులు. పదహారు కంటే తక్కువైతే తోడికోడలు, పిన్ని భర్త లాంటి చిక్కుముళ్ళు రావు, ఇరవై దాటితే కాగితం గజిబిజి అయి గంట గడిచిపోతుంది. గీసే పద్ధతి జన్యు వైద్యులు వాడేదే: మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, భార్యాభర్తల మధ్య అడ్డగీత, పిల్లలకు నిలువు గీత, చనిపోయినవాళ్ళ మీద ఏటవాలు గీత, రక్తసంబంధం ఉన్న దంపతుల మధ్య రెండు గీతలు. తనకు రక్తసంబంధం ఉన్న ప్రతి గడినీ ఎర్రగా నింపాలి. గడిలో రాసేది పేరు, వయసు, ఊరు, పని. వరస రాయకూడదు.

మేనరికం ఉన్న ఇంట్లో ఈ బొమ్మ దగ్గరే తడబాటు వస్తుంది. భర్తను ఒకసారి తన పక్కనా, ఇంకోసారి మేనమామ కిందా రెండుసార్లు గీస్తారు. ఒక్క గడే ఉండాలి, దానికి రెండు దారులు రావాలి. ఈ కేసులో మామగారి గడి ఎర్రగా ఉంటుంది, అత్తగారి గడి తెల్లగా ఉంటుంది. ఆయన అమ్మకు తమ్ముడు, ఆవిడ పెళ్ళితో వచ్చిన మనిషి. ఈ తేడా తర్వాత క్లినిక్‌లో పనికొస్తుంది.

రెండో క్లాసు నుంచి కార్డులు. మొత్తం ఇరవై నాలుగు, పూటకు ఎనిమిది. కార్డు మీద ‘బాబాయి’ అని రాయకూడదు. ‘అమ్మ చెల్లెలి భర్త’ అని దారి రాయాలి. కార్డు చూసిన ఐదారు సెకన్లలో రెండు వాక్యాలు రావాలి: మొదటిది ఎవరో, రెండోది హీ లేదా షీతో ఏం చేస్తారో. ‘దిస్ ఈజ్ మై మదర్స్ సిస్టర్స్ హస్బెండ్. హీ రన్స్ ఎ మెడికల్ షాప్.’ రెండో వాక్యం తప్పనిసరి. అది లేకపోతే సర్వనామానికి అభ్యాసమే జరగదు.

గొలుసుకు ఒక హద్దు పెట్టాలి. రెండు ‘స్’ల వరకే. మూడోది వచ్చిందంటే వాక్యం విరిచెయ్యాలి. ‘మై హస్బెండ్స్ బ్రదర్స్ వైఫ్స్ సిస్టర్’ వ్యాకరణం ప్రకారం తప్పు కాదు కానీ చివరికొచ్చేసరికి వినేవాడికి మొదలు గుర్తుండదు. ‘మై హస్బెండ్స్ బ్రదర్ ఈజ్ మ్యారీడ్ టు ఎ డాక్టర్. హర్ సిస్టర్ లివ్స్ ఇన్ షికాగో.’ వియ్యంకుడు ‘మై డాటర్స్ ఫాదర్-ఇన్-లా’. తోడల్లుడు ‘మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’ లేదా కూలంకషంగా అక్కర్లేని చోట ‘మై బ్రదర్-ఇన్-లా’. తోడికోడలు ‘మై సిస్టర్-ఇన్-లా’, ఎవరని గుచ్చి అడిగితే ‘షీ ఈజ్ మ్యారీడ్ టు మై హస్బెండ్స్ బ్రదర్’.

పెద్దా చిన్నా సంగతి. తెలుగులో అన్నో తమ్ముడో తేల్చకుండా నోరు తెరవలేం. ఇంగ్లీషులో ‘మై బ్రదర్’ అని ఆపేస్తే ఎవరూ అడగరు. అయినా చెప్పాలనిపిస్తే ‘ఓల్డర్’, ‘యంగర్’. ‘ఎల్డర్ టు మీ’ వద్దు, ‘ఓల్డర్ దాన్ మీ’. పెదనాన్నను ‘బిగ్ ఫాదర్’ అనడం ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన ‘అంకుల్’, అవసరమైతే ‘మై ఫాదర్స్ ఓల్డర్ బ్రదర్’. ‘కజిన్ బ్రదర్’, ‘ఓన్ బ్రదర్’ రెండూ అక్కర్లేదు. కజిన్ అంటే కజినే, బ్రదర్ అంటే తోడబుట్టినవాడే.

ఉచ్చారణకు పూటకు ఐదు నిమిషాలు చాలు. ‘నీస్’, ‘నైస్’ కలిసిపోవడం ఒకటి. ‘వైఫు’, ‘సన్ను’, ‘హస్బెండు’ అని చివర ‘ఉ’ తగిలించడం ఒకటి. చివరి హల్లు దగ్గరే మాట ఆపేస్తే ఆ ఉకారం పోతుంది. ‘నెఫ్యూ’లో ఒత్తు ‘ఫ’ కాకుండా పై పళ్ళు కింది పెదవికి తగలాలి.

మూడు చోట్ల పరీక్ష

మొదటిది ఫారం. అమెరికా వీసాకు నింపే డీఎస్-160లో, తల్లిదండ్రులు కాకుండా దగ్గరి బంధువులెవరైనా అమెరికాలో ఉన్నారా అనే ప్రశ్న ఉంటుంది. అక్కడ దగ్గరి బంధువులంటే కాబోయే జీవిత భాగస్వామి, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు. మన లెక్కలో అన్న అయినా పెదనాన్న కొడుకు ఆ జాబితాలో రాడు. ఈ అమ్మాయి భర్త పేరుతో పాటు డాలస్ అన్నయ్య పేరు కూడా ‘బ్రదర్’ అని రాయబోతుంది. లేదంటే ఫారంలో సరిగ్గా రాసి, వీసా ఇంటర్వ్యూ కిటికీ దగ్గర నోటితో ‘మై బ్రదర్ ఈజ్ ఇన్ డాలస్’ అంటుంది. కాగితం ఒకటి, నోరు ఒకటి చెబితే అనవసరపు ప్రశ్నలు మొదలవుతాయి. అబద్ధమాడే ఉద్దేశం ఎవరికీ లేదు, వరస అలా పలికించింది. అభ్యాసం ఇది: ‘డు యు హావ్ ఎనీ సిబ్లింగ్స్?’ అనే ప్రశ్నను రకరకాల ప్రశ్నల మధ్య పదేపదే విసరాలి. ఆమె మనసులో ఒకే లెక్క వేసుకోవాలి, మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళు ఎందరు. జవాబు: ‘ఐ హావ్ ఎ సిస్టర్ అండ్ ఎ బ్రదర్. దే బోత్ లివ్ ఇన్ ఇండియా.’ డాలస్ ఆయన గురించి అడిగితే: ‘హీ ఈజ్ మై కజిన్, మై ఫాదర్స్ బ్రదర్స్ సన్.’

రెండోది క్లినిక్. ఈ సందర్భాన్ని పుస్తకాలు పట్టించుకోవు, అవసరం మాత్రం దీనికే ఎక్కువ. ‘డజ్ ఎనీవన్ ఇన్ యువర్ ఫ్యామిలీ హావ్ డయాబెటిస్?’ అని అడిగితే మనకు ఫ్యామిలీ అంటే అత్తగారు ముందు గుర్తొస్తారు, ఒకే ఇంట్లో ఉంటారు కనుక. డాక్టరుకు కావలసింది రక్తసంబంధం. వైద్యుల లెక్కలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు మొదటి శ్రేణి. తాతలు, అవ్వలు, అమ్మనాన్నల తోబుట్టువులు, తోబుట్టువుల పిల్లలు రెండో శ్రేణి. ఫస్ట్ కజిన్లు మూడో శ్రేణి. పిన్ని భర్తకు గుండెపోటు వస్తే ఈమె రికార్డులోకి రాదు. నాన్న తమ్ముడికి వస్తే వస్తుంది. ఇద్దరూ ‘మై అంకుల్’ అయిపోతే ఆ తేడా పోతుంది. అందుకని క్లినిక్‌లో ‘అంకుల్’, ‘ఆంట్’ ఒంటరిగా వాడకూడదనే నియమం పెట్టాలి. ‘మై మదర్స్ బ్రదర్’, ‘మై ఫాదర్స్ సిస్టర్’ అని దారితోనే చెప్పాలి. ‘ఆన్ మై మదర్స్ సైడ్’, ‘ఆన్ మై ఫాదర్స్ సైడ్’ అనే ముక్కలు కంఠతా రావాలి.

మేనరికం ఇక్కడ మెలిక పెడుతుంది. మామగారికి షుగర్ ఉందని చెబితే, ‘ఆయన భర్త తండ్రి కదా’ అని నర్సు ఈమె వైపు రాసుకోదు. ఆయన ఈమెకు అమ్మ తమ్ముడు, కనుక రెండో శ్రేణి రక్తసంబంధీకుడు. చెప్పాల్సిన మాట: ‘మై ఫాదర్-ఇన్-లా హ్యాజ్ డయాబెటిస్. హీ ఈజ్ ఆల్సో మై మదర్స్ బ్రదర్.’ గర్భం వచ్చాక ‘ఆర్ యు అండ్ యువర్ హస్బెండ్ రిలేటెడ్ బై బ్లడ్?’ అని అడుగుతారు. ‘రిలేటెడ్’ అంటే పెళ్ళి బంధం అనుకుని యెస్ అనేవాళ్ళూ ఉంటారు, మొహమాటపడి నో అనేవాళ్ళూ ఉంటారు. జవాబు సూటిగా ఉండాలి: ‘యెస్, వుయ్ ఆర్ ఫస్ట్ కజిన్స్. హిజ్ ఫాదర్ ఈజ్ మై మదర్స్ బ్రదర్.’ మేనమామనే చేసుకున్నవాళ్ళు ‘హీ ఈజ్ మై మదర్స్ బ్రదర్’ అనే చెప్పాలి, అక్కడ కజిన్ కుదరదు. భార్య అమ్మమ్మ, భర్త నాన్నమ్మ అక్కచెల్లెళ్ళయితే సెకండ్ కజిన్స్.

ఈ వాక్యం క్లినిక్‌కే పరిమితం. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఫస్ట్ కజిన్ల పెళ్ళిని నిషేధించాయి, న్యూజెర్సీలో నిషేధం లేదు. పక్కింటివాళ్ళకు ఈ వివరం చెప్పాల్సిన అవసరమే లేదు. ‘అవర్ ఫ్యామిలీస్ హావ్ నోన్ ఈచ్ అదర్ ఫర్ ఇయర్స్’ అంటే అబద్ధమూ కాదు, సంభాషణా ఆగదు.

మూడోది పక్కింటి సంభాషణ. ఇక్కడ కష్టం జవాబులో కాదు, ఎదురు ప్రశ్నలో. ‘పెళ్ళయిందా, పిల్లలెంతమంది, ఇంకా ఎందుకు లేరు’ మన ఊళ్ళో ఆప్యాయత. అక్కడ కొత్త పరిచయంలో అది గుచ్చుకుంటుంది. ముందు తన గురించి రెండు వాక్యాలు చెప్పి ‘హౌ అబౌట్ యు? డజ్ యువర్ ఫ్యామిలీ లివ్ నియర్‌బై?’ అని వదిలెయ్యాలి. అవతలివాళ్ళు ఎంత చెబితే అంత. పెద్దావిడ కదా అని ‘ఆంటీ’ అని పిలవకూడదు. ఆవిడ పేరు చెప్పుకుంటే పేరుతోనే పిలవాలి. ఇది విద్యార్థులకు మామగారిని ‘హీ’ అనడం కంటే కష్టంగా ఉంటుంది.

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు వెళ్ళేవాళ్ళకు ఇదే పాఠం వేరే కొలతలో సరిపోతుంది. స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగం 4-5 నిమిషాల్లో ఇల్లు, కుటుంబం లాంటివి అడగొచ్చు. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. కుటుంబంలో ఒకరి గురించి చెప్పమంటే బంధుత్వానికి ఒక్క వాక్యం వాడి, మిగతాది ఆ మనిషి చేసే పనుల మీద పెట్టాలి. గొలుసు వివరించడానికి అరనిమిషం తినేసినవాళ్ళకు చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

ఎక్కడ బెడిసికొడుతుంది

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది బట్టీ వ్యాసం. ‘మై ఫాదర్ ఈజ్ ది బ్యాక్‌బోన్ ఆఫ్ అవర్ ఫ్యామిలీ’ అని మొదలయ్యే పేరా ప్రతి కోచింగులోనూ తిరుగుతుంటుంది. అది గడగడా చెప్పే విద్యార్థిని ‘వాట్ టైమ్ డజ్ హీ గెట్ అప్?’ అని అడిగితే నీళ్ళు నములుతుంది. బట్టీ ఉన్నవాళ్ళను మొదటి వారం ఆ వ్యాసం చెప్పనివ్వకూడదు. కాగితం మీద గడులు చూపి ప్రశ్నలే అడగాలి.

రెండోది, పుస్తకంలోని ఆరు గడుల చెట్టు. తాతా అవ్వా, అమ్మా నాన్నా, ఇద్దరు పిల్లలు. అందులో ఆడపడుచుకు చోటు లేదు, పిన్ని భర్తకు లేదు. విద్యార్థి దాన్ని తప్పు లేకుండా చదువుతుంది, టీచరు పాఠం అయిందనుకుంటారు. తన ఇంటి గురించి అడిగిన రోజు మళ్ళీ మొదటికొస్తుంది.

మూడోది, అతిజాగ్రత్త. ‘ఫస్ట్ కజిన్ వన్స్ రిమూవ్డ్’ లాంటివి నేర్పాలని కొందరికి సరదా. ఇంగ్లీషువాళ్ళే అందులో తికమకపడతారు. కజిన్ కూతుర్ని ‘మై కజిన్స్ డాటర్’ అంటే సరిపోతుంది.

గొలుసు నేర్చుకున్న కొత్తలో వచ్చే తప్పు వేరు. అడగకపోయినా ప్రతి మనిషికీ దారి చెప్పడం మొదలవుతుంది. ‘మై హస్బెండ్స్ ఓల్డర్ బ్రదర్స్ వైఫ్ ఈజ్ కమింగ్ ఫర్ డిన్నర్’ అంటుంది, ‘మై సిస్టర్-ఇన్-లా’ చాలినచోట. కార్డుల్లో సగానికి ‘ఫారం’, ‘క్లినిక్’, ‘పక్కిల్లు’ అని ఒక మూలన గుర్తు పెడితే ఎక్కడ ఎంత చెప్పాలో పట్టుబడుతుంది. క్లినిక్ గుర్తుంటే పూర్తి దారి, పక్కిల్లు గుర్తుంటే ఒక్క మాట.

ఆఖరి రికార్డింగు

అదే ప్రశ్న, అదే నిమిషంన్నర, తయారీ లేదు:

‘ఐ కమ్ ఫ్రమ్ ఎ విలేజ్ నియర్ ఒంగోల్. దేర్ వర్ సిక్స్ ఆఫ్ అజ్ ఎట్ హోమ్: మై పేరెంట్స్, మై గ్రాండ్‌మదర్, మై ఓల్డర్ సిస్టర్, మై బ్రదర్ అండ్ మీ. మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హీ గ్రోస్ టొబాకో అండ్ చిల్లీస్. మై సిస్టర్ ఈజ్ మ్యారీడ్ అండ్ లివ్స్ ఇన్ నెల్లూర్. హర్ హస్బెండ్ టీచెస్ మ్యాథ్స్. షీ... హీ ఈజ్ వెరీ ఫన్నీ. మై గ్రాండ్‌ఫాదర్ డైడ్ వెన్ ఐ వజ్ ఇన్ కాలేజ్. ఐ హావ్ ఎ కజిన్ ఇన్ డాలస్. హీ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్. ఐ హావ్ బీన్ మ్యారీడ్ ఫర్ టూ ఇయర్స్.’

‘షీ... హీ’ అని తనే దిద్దుకోవడం మంచి గుర్తు. వేగం పెరిగినప్పుడు ఆ తడబాటు చాలాకాలం ఉంటుంది, దాన్ని వదిలెయ్యొచ్చు. ‘సిస్టర్’, ‘బ్రదర్’, ‘కజిన్’ ఎవరికి వాడిందో మాత్రం ప్రతిసారీ కాగితం మీది గడులతో సరిచూడాలి. అక్కడ తప్పితే ఆ కార్డుల జట్టుకు వెనక్కి పోవాలి.

ఒక్క చోట మాత్రం ‘దే’ తిరిగొస్తుంది: వీడియో కాల్లో మామగారు పక్కనే కూర్చుని వింటున్నప్పుడు. ఆయన ఎదుట ‘హీ’ అనమని పట్టుబట్టడం వృథా, అనదు. అక్కడ సర్వనామమే లేకుండా ‘మై ఫాదర్-ఇన్-లా’ అని మళ్ళీ మళ్ళీ చెప్పనివ్వాలి. ఇంగ్లీషు చెవికి కొంచెం బరువుగా ఉంటుందే తప్ప తప్పు కాదు, పైగా అవతలివాళ్ళకు ఒక్క మనిషి గురించే వింటున్నామని తెలుస్తుంది.